కాలి పిక్క, జీడిపిక్క, ఒక వియత్నాం టీచరమ్మ

ముందు బెండకాయల సంగతి చెప్తాను. అది చెప్పకపోతే నేను ఈ వియత్నామీస్ భాష క్లాసులో ఎందుకు చేరానో, 12,000 రూపాయలు ఎందుకు కట్టానో మీకు అర్థం కాదు.

మాది పలాస. కాశీబుగ్గ దగ్గర మాకు చిన్న జీడి యూనిట్ ఉంది. మా మావయ్య గారి కాలం నుంచి కటింగ్ అంతా చేయీ కాలూ కలిపి ఆడించే మిషన్ల మీదే జరిగేది. చేత్తో పిక్క పెట్టి, కాలితో తొక్కితే పెంకు విడిపోతుంది. రోజంతా అలా తొక్కిన ఆడవాళ్లు సాయంత్రం లేచేటప్పుడు "పిక్కలు కొట్టి కొట్టి పిక్కలు పట్టేసినాయమ్మా" అంటారు. మొదటి పిక్క జీడిది, రెండోది కాలిది. కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆ మాట వింటున్నాను. ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో మేం వియత్నాంలో తయారైన కటింగ్ మిషన్ ఒకటి తెచ్చుకున్నాం. దాన్ని బిగించి, మా వాళ్లకు నేర్పించడానికి అక్కడి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. వయసు ముప్పైలోపే. బిన్ ఫువొక్ అనే ప్రాంతం వాడు. జీడికి అది వాళ్ల పలాస అనుకోండి. 2025 జూలైలో ఆ ప్రావిన్సును దొంగ్ నాయ్ అనే పక్క ప్రావిన్సులో కలిపేశారట. అతను ఇప్పటికీ పాత పేరే చెప్పాడు. మాకూ తెలుసు ఆ అలవాటు. 2022లో పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్లిపోయినా, అక్కడి మా చుట్టాలు ఊరు చెప్పాల్సి వస్తే ముందు శ్రీకాకుళమే అంటారు.

అతనికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. మిగతాదంతా ఫోనులో అనువాదం. మొదటి రోజే మిషన్ దింపేటప్పుడు కాలు పట్టేసినట్టుంది. ఆ సాయంత్రం నాకు ఫోనులో ఏదో కొట్టి చూపించాడు. నా ఫోను దాన్ని "బెండకాయ కాలు" అని తెలుగులో చూపించింది. కాలు సంగతి నాకు అర్థం కాలేదు కానీ, బెండకాయ అర్థమైంది. మన కారం తినలేకపోతున్నాడేమో, బెండకాయ కావాలంటున్నాడేమో అనుకున్నాను. మర్నాడు మార్కెట్ నుంచి లేత బెండకాయలు తెప్పించి వేపుడు చేశాను. ఆ మర్నాడూ వేపుడే. మూడో రోజు పులుసు పెట్టాను. పాపం పిల్లవాడు పెట్టినదంతా తిని, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

మూడో రోజు సాయంత్రం మా దగ్గర ఇరవై ఏళ్లుగా కటింగ్ చేసే పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. "ఆ బాబు కుంటుతున్నాడు సూడలేదేటమ్మా? పిక్క పట్టేసింది. నాకు తెల్దా ఆ నడక?" అంది. నువ్వుల నూనె వెచ్చ చేయించి, అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి, తనే కాలు ఒత్తింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఫోను తీసి, మూడు రోజుల కిందట కొట్టిన మాటనే మళ్లీ కొట్టాడు. ఈసారి అక్షరాల మీద, కింద ఉండాల్సిన గుర్తులన్నీ పెట్టాడు. ఫోను చెప్పింది: "కాలి పిక్క నొప్పి."

మూడు రోజులు అతను నొప్పితో మిషన్ చుట్టూ తిరిగాడు. మేం కూర వడ్డించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటికొచ్చిన మనిషి నొప్పి అని చెప్తే మనకు వినబడలేదన్న బాధ అది.

క్లాసులో చేరాక తెలిసింది ఆ తేడా ఎక్కడ వచ్చిందో. వియత్నామీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లాంటి వాటితోనే రాస్తారు. కానీ చాలా అచ్చుల మీద గొడుగు, దొప్ప, గీత, కింద చుక్క లాంటి గుర్తులుంటాయి. హడావిడిలో ఉన్నప్పుడు అక్కడ చాలామంది ఆ గుర్తులు మానేసి ఉత్త అక్షరాలే కొట్టేస్తారు. నొప్పిని "దవ్" అంటారు, అచ్చు మీద గుర్తు ఏమీ ఉండదు. చిక్కుడు జాతి కాయలను కూడా మన చెవికి "దవ్" లాగే వినిపించేలా అంటారు. అచ్చు కొంచెం వేరు, పైన గొడుగు, కింద చుక్క, గొంతు కిందకి పడి టక్కున ఆగుతుంది. పిక్కను "బప్ చన్" అంటారు. చన్ అంటే కాలు. ఇక బెండకాయ పేరు "దవ్ బప్". గుర్తులు తీసేస్తే "దవ్ బప్ చన్" అనే మూడు మాటలను "నొప్పి, కాలి పిక్క" అనైనా చదవొచ్చు, "బెండకాయ, కాలు" అనైనా చదవొచ్చు. నా ఫోను రెండోది ఎంచుకుంది.

మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినప్పుడూ ఇదే గొడవ. "కల్లు నొప్పి" అన్నట్టు వస్తుంది మెసేజ్. కళ్లా, కాళ్లా, ఉద్దానం కల్లా? ఇంట్లోవాళ్లం కాబట్టి సందర్భం చూసి తెలుసుకుంటాం. బయటివాడికి ఎలా తెలుస్తుంది?

అతను వెళ్లిపోయే ముందు, మీ భాష నేర్చుకుంటాను, ఎవరైనా ఉంటే చెప్పు తమ్ముడూ అని అడిగాను. వాళ్ల వదినకు చదువు చెప్పిన ఒక టీచరమ్మ ఉన్నారని, రిటైరయ్యి ఇంట్లోనే వీడియో కాల్‌లో విదేశాల వాళ్లకు పాఠాలు చెప్తున్నారని నంబరు ఇచ్చాడు. ఆవిడది మెకాంగ్ నది డెల్టాలోని కన్ థో. ఆవిడకు బోర్డు లేదు, వెబ్‌సైటు లేదు, ప్రకటన లేదు. కాబట్టి నేను ఇక్కడ పేరు రాయడం లేదు. కానీ 24 క్లాసులు పూర్తయ్యాయి. పరాయి భాష నేర్చుకోవాలనుకునే వాళ్లు టీచర్లో ఏం చూసుకోవాలో నాకు బాగా తెలిసొచ్చింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫీజు గంటకు 500 రూపాయల లెక్కన పడింది. 12 క్లాసుల డబ్బు ముందే కట్టాలి. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. మనకు రాత్రి 7 అయితే ఆవిడకు 8:30. నాకు ఆ వేళ కుదిరింది, ఎందుకంటే అప్పటికి యూనిట్ కట్టేసి ఇంటికొచ్చేస్తాను.

మొదటి క్లాసులో పాఠం లేదు. ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలన్నదే ఆ గంటంతా. వాళ్లకు "నువ్వు", "నేను" అన్న మాటలు ఊరికే రావు, వరస కలిపి మాట్లాడాలి. ఆవిడను "కో" అనాలి. కో అంటే టీచరమ్మ. ఆ మాటకే మేనత్త అనే అర్థం కూడా ఉంది. నన్ను నేను "ఎమ్" అనుకోవాలి, అంటే చిన్నది, చెల్లెలు. మేనత్త అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చేసింది. మన దగ్గరా తెలియని మనిషిని పలకరించాలంటే అక్కా, పిన్నీ, మావయ్యా అని వరస కలుపుకునే కదా మొదలుపెడతాం.

రెండో సంగతి అక్షరాలు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, తెలుగువాళ్లకు పనికొస్తుంది. చిన్నప్పుడు పలక మీద క ఖ గ ఘ ఙ అని దిద్దాం. ఆ ఙ ఎందుకుందో మనకెవరికీ తెలియదు. వాఙ్మయం లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప మళ్లీ ఎక్కడా కనబడదు. వియత్నామీస్‌లో మాట మొదట్లోనే ఙ వస్తుంది. ఉత్తరాది వాళ్లు మొక్కజొన్నను "ఙో" అంటారు. ఞ కూడా అంతే. మన జ్ఞానంలో ఒత్తుగా ఒదిగి ఉండే ఆ అక్షరం అక్కడ జీడిపప్పు పేరులోనే మొదట నిలబడింది. పెంకు తీసిన పప్పును "ఞన్ దియెవ్" అంటారు. నాతో పాటు ఒక రోజు ట్రయల్ క్లాసులో కూర్చున్న వేరే దేశం ఆవిడ ఙో అనలేక ఎంతో ఇబ్బంది పడింది. నాకు మాత్రం రెండో ప్రయత్నానికే వచ్చేసింది. ఒకటో తరగతిలో మా మేష్టారు ఙను ముక్కుతో పలికించిన పుణ్యం అది.

అచ్చుల్లోనూ మనకు లాభముంది. వాళ్లకు పొట్టి అ, పొడుగు ఆ వేరు వేరు. బప్ వేరు, బాప్ వేరు. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ మాట చివర మనకు చాలా కష్టం. తెలుగు మాట అచ్చుతో ముగియాలని నాలుకకు అలవాటు. బస్సు, కారు, లైటు అన్నట్టే బప్‌ను నేను "బప్పు" అన్నాను. టీచరమ్మ ఒక పలచని కాగితం ముక్క పెదవుల ముందు పట్టుకోమన్నారు. మాట మొదట్లో కాగితం కొంచెం కదిలినా పర్వాలేదు, చివర మాత్రం అసలు కదలకూడదు. పెదవులు మూసుకోవాలి, మళ్లీ తెరవకూడదు. మూడు క్లాసులు పట్టింది కాగితం కదలకుండా ఉండటానికి. ఇంట్లో మా అమ్మాయి కాగితం పట్టుకుని నాకు పరీక్ష పెట్టేది.

ఇంకో చిట్కా కూడా ఆవిడే చెప్పారు. భాషలో స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు లేచే, పడే తీరులు, ఆరు. ఆరూ తలచుకుంటేనే కొత్తవాళ్లకు టెన్షన్ వస్తుంది. కానీ ప్, త్, క్ లాగా ఆగిపోయే మాటలకు ఆ ఆరింటిలో రెండే వస్తాయి. గొంతు పైకి లేవాలి, లేదా కిందపడి ఆగాలి. బప్‌కు పైకి లేచే స్వరం. అంతే. సగం భయం అక్కడే పోయింది.

ఇక అసలు క్లాసు, పద్నాలుగోది. ముందు రోజు మెసేజ్ పెట్టారు: "రేపు ఒకటే మాట. మీ ఇంట్లో మొక్కజొన్న ఉంటే తెచ్చుకోండి, అరటిపువ్వు ఉంటే తెచ్చుకోండి." అరటిపువ్వు పెరట్లో ఉంది. మొక్కజొన్న రోడ్డు పక్క కాల్చి అమ్మే అబ్బాయి దగ్గర పచ్చిది ఒకటి కొన్నాను. క్లాసు మొదలవగానే ఆవిడ తన బల్ల మీద మొక్కజొన్న, అరటిపువ్వు, క్యాబేజీ వరసగా పెట్టారు. తర్వాత చొక్కా చేతి మడత పైకి తీసి, మోచేయి వంచి, కండ చూపించారు. నాలుగింటినీ వేలితో చూపిస్తూ ఒకటే మాట అన్నారు: బప్, బప్, బప్, బప్.

దక్షిణాన ఉత్త "బప్" అంటే మొక్కజొన్నే. ఉత్తరాన మొక్కజొన్న ఙో కాబట్టి, ఒక కండెను "బప్ ఙో" అంటారు. అరటిపువ్వు "బప్ చువొయ్", చువొయ్ అంటే అరటి. క్యాబేజీ "బప్ కాయ్", ఈ పేరు విని నాకు చాలా సంతోషమేసింది. వాళ్ల కాయ్ అంటే ఆకుకూర జాతి, మన కాయ కాదు. అయినా చెవికి మన కూరగాయల బజారులా ఉంది. చేతి కండ "బప్ తయ్", కాలి పిక్క "బప్ చన్", తొడ కండ "బప్ దుయ్". ఇదంతా ఒక కాగితం మీద జాబితా రాసి పంపిస్తే నేను బట్టీ పట్టి, వారంలో మర్చిపోయేదాన్ని. ఆవిడ అలా చేయలేదు. నన్ను అడిగారు: ఈ నాలుగింటిలో మీకు ఒకే రకంగా కనబడేది ఏమిటి?

నేను చాలాసేపు చూశాను. కండె మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం. అరటిపువ్వూ అంతే. చేయి మడిస్తే లేచే కండా అంతే. ఆకారం అన్నాను. ఆవిడ ఒక కాగితం మీద గీసి చూపించి, దీన్ని మేం "హిన్ థోయ్" అంటాం అన్నారు. హిన్ అంటే ఆకారం. థోయ్ అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పలేక, రెండు చేతులతో ఏదో అటూ ఇటూ విసురుతున్నట్టు చేసి చూపించారు.

అది నాడె. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె.

మా అమ్మ పుట్టింటివాళ్లది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు తీసే ఊరు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, ఆ మగ్గాల మధ్యనే ఆడుకునేవాళ్లం. నాడె లోపల నూలు చుట్టిన చిన్న పుల్ల పెడతారు. దాన్ని ఏమంటారో పొందూరులో ఏ పిల్లనడిగినా చెప్తుంది, కండె. మొక్కజొన్నదీ కండే. చేతిది కండ. నేను అరచినంత పని చేశాను. కో, మాకూ ఉంది, మాకూ ఉంది అని, నా దగ్గరున్న మొక్కజొన్న ఎత్తి "కండె" అన్నాను, చేయి మడిచి "కండ" అన్నాను, నూలు చుట్టినట్టు చూపించి మళ్లీ "కండె" అన్నాను. వాళ్ల బప్‌కు నాడె ఆకారం, మన కండె నాడె లోపల కూర్చుంటుంది. ఆవిడ నోట్‌బుక్ తెరిచి, తన అక్షరాల్లో కండ, కండె అని రాసుకున్నారు. రెండో దాని చివర ఎ సరిగ్గా పలికే వరకు నాతో నాలుగుసార్లు చెప్పించుకున్నారు.

అప్పుడు కాలి సంగతి వచ్చింది. బప్ చన్‌ను మీ భాషలో ఏమంటారు అన్నారు. పిక్క అన్నాను. అంటూనే నా చేయి దానంతటదే బల్ల మీదున్న గిన్నె వైపు వెళ్లింది. దాంట్లో శాంపిల్‌కు తెచ్చిన జీడిపిక్కలున్నాయి. ఒకటి తీసి కెమెరా ముందు పట్టుకుని, ఇదీ పిక్కే అన్నాను. చింతపిక్క, జీడిపిక్క, కాలిపిక్క. ఆవిడ జీడిపిక్కను బాగా తెలిసిన మనిషే, కళ్లజోడు సర్దుకుని చూసి అడిగారు: "అయితే మీ వాళ్లు కాలిలో జీడిపిక్క పెట్టుకుని నడుస్తారా?"

ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టిన మనుషుల మధ్య ఉన్నాను. పిక్కలు కొట్టి కొట్టి పిక్కలు పట్టేసినాయి అన్న మాటలో ఎంత ఉందో, కన్ థోలో కూర్చున్న ఒక టీచరమ్మ అడిగితే గానీ నాకు కనబడలేదు. నా డబ్బుకు ఆ ఒక్క గంట చాలు.

ఆ తర్వాత క్లాసుల్లో ఇలాంటి మాటలు చాలా వచ్చాయి. గుండెను "ట్రాయ్ తిమ్" అంటారు. ట్రాయ్ అంటే కాయ, పండు. మన గుండెకాయే. సొరకాయ పేరు "బవ్". కడుపుతో ఉన్న ఆడమనిషినీ ఆ మాటతోనే "బా బవ్" అంటారు. మేం తిరగేసి చేస్తామని చెప్పాను, వెన్ను బయటికి రాకముందు వరిని "పొట్ట మీదుంది" అంటాం అని. ఆవిడ రైతు బిడ్డ, వెంటనే అర్థం చేసుకున్నారు. జీడి చెట్టుకు వాళ్లకు ఇంకో పాత పేరుంది, "దావ్ లొన్ హొత్". దావ్ అనే పీచ్ పండులో గింజ బయటికి తిరిగిపోయిందని అర్థం. జీడి చెట్టు బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లతో వచ్చింది కదా, కొత్త చెట్టును చూసి ఎవరికి తెలిసిన పండు పేరు వాళ్లు పెట్టుకున్నారు. వాళ్లకు పీచ్, మనకు మామిడి. పప్పు మీద ఉండే పలచని పొట్టును "వో లువ" అంటారు, పట్టు పొట్టు అని. మా పీలింగ్ ఆడవాళ్లకు ఆ మాట చెప్తే, పొట్టు ఊది చూసి "నిజమే కదమ్మా" అన్నారు.

కాలు పట్టేయడాన్ని "చువొత్ రూత్" అంటారట, ఎలుక లాగడం. కడుపులో ఎలుకలు పరిగెత్తడం మనకు ఆకలికే తెలుసు.

వంట మాటలు కూడా ఆవిడ బప్ వెంటే చెప్పారు. మొక్కజొన్నను బొగ్గుల మీద కాల్చి, ఉల్లికాడలు వేసి కాచిన కొవ్వు పూసి అమ్ముతారు. మనకు నిమ్మచెక్క, ఉప్పూ కారం. అరటిపువ్వును సన్నగా తరిగి పచ్చిదే తింటారు. నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో వేస్తారు. మనం మజ్జిగ నీళ్లలో వేస్తాం, తర్వాత ఆవ పెట్టి కూర చేస్తాం. హువే అనే ఊరి పేరు మీద ఒక నూడుల్స్ గిన్నె ఉంది, "బున్ బో హువే". దాంట్లో గొడ్డు కాలి కండ ముక్కలు ఉంటాయి, అదీ బప్పే. పక్కన తరిగిన అరటిపువ్వు, అదీ బప్పే. మీరు తింటారో లేదో అని ఆవిడ కొంచెం ఆగి చెప్పారు. తినను కో, కానీ చెప్పండి అన్నాను. ఒకే గిన్నెలో మొక్కదీ శరీరానిదీ ఒకే పేరు అన్నది నాకు ఆ భాషలో అన్నింటికన్నా నచ్చిన సంగతి.

ఇప్పుడు ఇబ్బందులు. ఆవిడ ఇంగ్లీషు తక్కువ, నాదీ గొప్పది కాదు. వ్యాకరణం అడిగితే వివరణ సరిగ్గా అందదు. మరో పది వాక్యాలు చెప్పి, మీరే చూసుకోండి అంటారు. నాకు అది నచ్చింది. కానీ సూత్రాలు రాసిస్తే తప్ప చదవలేని వాళ్లకు కుదరదు. ఆడియో ఇవ్వరు, రికార్డు మనమే చేసుకోవాలి. తప్పిపోయిన క్లాసుకు డబ్బు తిరిగి రాదు. గాలివాన పడి కరెంటు పోయిన రెండు రోజులు నాకు 1,000 రూపాయలు పోయాయి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో చెట్లన్నీ పడిపోయి వారాల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం. వానాకాలంలో మా వైపు ముందుగా డబ్బు కట్టడం మంచిది కాదని నా సలహా. డబ్బు పంపడానికి బ్యాంకు తీసుకున్న చార్జీ కూడా లెక్కలో వేసుకోండి, అది నేను ముందు చూసుకోలేదు.

వ్యాపారం మాటలు ఆవిడ తనంతట తాను నేర్పరు. బేరం, అడ్వాన్సు, 80 కిలోల బస్తా, గుండ్లు అనే విరగని పప్పు, బద్దలు, నూక, ఇవన్నీ నేనే అడిగి రాయించుకున్నాను. గ్రేడు పేర్లు మాత్రం ఎక్కడైనా ఒకటే. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి, అది పలాసలోనైనా బిన్ ఫువొక్‌లోనైనా.

ఫోను యాప్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు కదా అని మా వారు అన్నారు. ముందు రెండు నెలలు అదే చేశాను. మాటలు వచ్చాయి, మనిషి రాలేదు. పైగా దాంట్లో ఉత్తరాది పలుకుబడి. మా టెక్నీషియన్ తమ్ముడు దక్షిణాది వాడు. నేను ఙో అంటే బప్ అని దిద్దేవాడు. హైదరాబాద్ వాళ్లు కంకి అంటే మనం కండె, పొత్తు అన్నట్టే. ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకుని, ఆ ప్రాంతం టీచరునే వెతుక్కోండి.

నా మటుకు ఈవిడకు అయిదుకు అయిదు ఇస్తాను. మా భాష పక్కన పెట్టి రా అనలేదు ఎప్పుడూ. మీ దగ్గర దీన్నేమంటారు అని అడగకుండా ఏ మాటా ముగించలేదు. బాగా చదువుకున్న టీచర్లు చాలామంది ఉంటారు. ఇలా అడిగే వాళ్లను నేను ఎక్కువ చూడలేదు.

పోయిన నెల మిషన్ బ్లేడు దగ్గర చిన్న ఇబ్బంది వస్తే తమ్ముడికి వీడియో కాల్ చేశాను. పని అయ్యాక, ఫోను అనువాదం లేకుండా, నీ బప్ చన్ ఇంకా నొప్పిగా ఉందా అని వాళ్ల భాషలోనే అడిగాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను కిందకి దించి, కాలు చూపించి, మడమ ఎత్తి, పిక్క బిగించి చూపించాడు. వెనకాల నుంచి మా పెద్దావిడ "బాగున్నాడా బాబు?" అని అరిచింది. దాన్ని కూడా అనువాదం చేసి చెప్పాను.

మూడో విడత 12 క్లాసులకు డబ్బు కట్టేశాను, వచ్చే సోమవారం మొదలు. మాట "లా" అట. ఆకు అని మాత్రం చెప్పారు. ఒక ఆకు తెచ్చుకుని, ఇంకో చేయి గుండెల మీద పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ కూర్చోమన్నారు. పెరట్లో జీడిమామిడి ఆకు ఒకటి చూసి పెట్టుకున్నాను.